పారేసిన కవరు, దాచిన కవరు

బంగారం విలువ ఎంతో చెప్పమంటే మనలో ఎవరైనా చెప్పగలం. పట్టుచీర విలువ జరీ చూసి చెప్తాం. పాత ఇత్తడి బిందె విలువ కాటాలో వేసి తేలుస్తాం. కాని బొటనవేలి గోరంత కాయితం ముక్క కోట్లు పలికిందని పేపర్లో చదివినప్పుడు మాత్రం తెల్లబోతాం. తెల్లబోయి, వెంటనే రెండు పనులు చేస్తాం. ఒకటి, డబ్బు ఎక్కువైనవాళ్ళ వేషాలని నవ్వుకోవడం. రెండు, మన ఇంటి అటకమీది ట్రంకుపెట్టెని గుర్తు తెచ్చుకోవడం.

నవ్వుకోవడానికి నేనేం అడ్డురాను. ఆ ట్రంకుపెట్టె గురించే నా నాలుగు మాటలూను. ఎందుకంటే ఇల్లు దులిపేది మనం. ఏది ఉంచాలో, ఏది పాత కాయితాలవాడికి వెయ్యాలో తేల్చేదీ చాలా ఇళ్ళల్లో మనమే. స్టాంపుల చరిత్ర చదివితే తెలిసిందేమిటంటే, కోట్ల ఖరీదు చేసే ఆ బిళ్ళలన్నీ ఇలాంటి దులుపుళ్ళనుంచి ఎలాగో తప్పించుకున్నవే!

అసలు స్టాంపు పుట్టకముందు ఉత్తరానికి డబ్బు రాసినవాళ్ళు ఇచ్చేవారు కాదు, అందుకున్నవాళ్ళు ఇచ్చేవారు. దూరాన్నిబట్టీ, కాయితాల లెక్కనిబట్టీ ధర. పేదవాళ్ళకి కొడుకు దగ్గర్నించి ఉత్తరం వచ్చిందంటే సంతోషంతోపాటు గుండెదడ కూడా వచ్చేదన్నమాట. అందుకని కొందరు కవరుపైనే ఏదో గుర్తు పెట్టి పంపేవారని, ఇంట్లో ఆవిడ ఆ గుర్తు చూసుకుని కొడుకు క్షేమమే అని తెలుసుకుని, "డబ్బుల్లేవు నాయనా, తీసుకుపో" అనేదని కథలుగా చెప్పుకుంటారు. అవసరం ఉన్నచోట ఆడవాళ్ళకి తెలివితేటలు కరువా!

ఇంగ్లండులో రోలండ్ హిల్ అనే బడిపంతులు ఈ పద్ధతి మార్చాలని పట్టుబట్టాడు. ఎంత దూరమైనా ఒకటే ధర, అదీ ముందే కట్టెయ్యాలి, కట్టినట్టు గుర్తుగా చిన్న బిళ్ళ అంటించాలి అన్నాడు. అలా 1840 మే 1న విక్టోరియా రాణి తలతో నల్లటి పెన్నీ బిళ్ళ అమ్మకానికొచ్చింది. మే 6 నుంచి చెల్లుబాటు. దాన్నే పెన్నీ బ్లాక్ అంటారు. నల్లటి బిళ్ళమీద ఎర్రటి ముద్ర వేస్తే జనం ఆ ముద్ర తుడిచేసి మళ్ళీ వాడడం మొదలెట్టారని, ఏడాది తిరగకుండానే దాన్ని మానేసి 1841లో ఎర్రబిళ్ళ తెచ్చారు. తుడిచి వాడే పొదుపు మన దేశానికే సొంతం అనుకునేవాళ్ళం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ప్రపంచంలోకెల్లా మొదటి స్టాంపు కదా, దాని ఖరీదు ఇంకెంతో అనుకుంటాం. మామూలు రకం, వాడిన బిళ్ళ అయితే ఇవాళ ఒక మోస్తరు పట్టుచీర ధరకి వచ్చేస్తుంది! కారణం రెండు. ఒకటి, అచ్చువేసినవి 6 కోట్ల 80 లక్షలు. రెండోది ఇంకా ముఖ్యం. అప్పట్లో చాలామంది కవరు వేరుగా వాడేవారు కాదు, ఉత్తరం కాయితాన్నే మడిచి, లక్క వేసి, పైన చిరునామా రాసి బిళ్ళ అంటించేవారు. కనక ఉత్తరం దాచుకున్నవాళ్ళ దగ్గర బిళ్ళ కూడా దానంతటదే మిగిలిపోయింది. ప్లీడర్ల దస్తరాల్లో, వ్యాపారస్తుల కట్టల్లో బోలెడు దొరికాయి. కాబట్టి పాతదైనంత మాత్రాన విలువ రాదు సుమా! ఎన్ని పుట్టాయన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నది ప్రశ్న. మిగిలినవాటికోసం ఎందరు ఎదురుచూస్తున్నారన్నది ఇంకో ప్రశ్న.

స్టాంపులు పోగుచెయ్యడం కూడా వెంటనే మొదలైంది. 1841లోనే లండన్ 'టైమ్స్' పత్రికలో ఒక యువతి ప్రకటన వేయించింది. తన డ్రెస్సింగ్ రూము గోడలకి వాడేసిన స్టాంపులు అంటించాలని ఆవిడ కోరికట. స్నేహితుల దయవల్ల అప్పటికే 16,000 పోగయ్యాయట. మిగతావి ఎవరైనా పంపించండని అడిగింది! ఆ గోడని తల్చుకుంటే ఇవాళ్టి స్టాంపుల వ్యాపారస్తులకి కన్నీళ్ళు రావూ? కాని నాకు ఆవిడంటే కోపం రాదు. విలువ అనేది ఇంకా పుట్టని రోజుల్లో అందంకోసమే పోగుచేసిన మనిషి ఆవిడ. ఈ సరదాకి 'ఫిలాటెలీ' అనే గంభీరమైన పేరు వచ్చింది 1864లో, ఫ్రాన్సులో.

పేరైతే మగవాళ్ళు పెట్టారుగాని, ఈ చరిత్రలో కొన్ని పెద్ద మలుపుల దగ్గర ఆడవాళ్ళున్నారు. హిందూ మహాసముద్రంలో మారిషస్ దీవి ఉందికదా, మన తెలుగువాళ్ళు కూడా కూలికి వలసవెళ్ళి స్థిరపడ్డ చోటు. అక్కడ 1847లో గవర్నరుగారి భార్య లేడీ గోమ్ ఒక పెద్ద విందు, నాట్యం ఏర్పాటు చేసింది. సరిగ్గా అప్పుడే దీవిలో మొదటి స్టాంపులు వచ్చాయి. పెన్నీవి 500, రెండు పెన్నీలవి 500, అంతే. ఆ పెన్నీ బిళ్ళలు కొన్ని ఆవిడ ఆహ్వానాల కవర్లకి అంటించారు. విందు అయిపోయింది, అందరూ తిని ఇళ్ళకి పోయారు, కవర్లు చెత్తబుట్టలోకి పోయాయి. ఆ వెయ్యింటిలోనూ ఇవాళ ప్రపంచం మొత్తమ్మీద మిగిలినవి 27 మాత్రమే. అందులో మూడు, ఆ విందు కవర్లమీదే ఉన్నాయి.

వాటిని మొదట గుర్తుపట్టి లోకానికి చూపించిందీ ఒక ఇల్లాలే. ఫ్రాన్సులో బోర్డో అనే రేవుపట్నంలో ఒక వ్యాపారస్తుడి భార్య, మదాం బోర్షార్ అని, స్టాంపుల పిచ్చి ఉన్న మనిషి. 1864 ప్రాంతంలో భర్తగారి పాత వ్యాపారపు ఉత్తరాల కట్టలు విప్పి వెతుకుతుంటే మారిషస్‌నుంచి వచ్చిన ఉత్తరాలమీద ఇవి కనిపించాయి. ఇలాంటివి ఉన్నాయనే సంగతే అప్పటిదాకా స్టాంపులు పోగుచేసేవాళ్ళకి తెలియదు. ఆవిడే గనక "ఈ కట్టలు అడ్డంగా ఉన్నాయి, పొయ్యిలో పడెయ్యండి" అని ఉంటే? ఆ పొయ్యిమీద కాగే పాలు ప్రపంచంలోకెల్లా ఖరీదైన పాలు అయ్యుండేవి!

ఇంక కోట్ల సంగతి. దక్షిణ అమెరికాలో బ్రిటిష్ గయానా అనే వలస ఉండేది. 1856లో అక్కడికి లండన్‌నుంచి స్టాంపుల ఓడ ఆలస్యమైంది. చేసేదిలేక ఊళ్ళో పత్రిక అచ్చువేసే ప్రెస్సులోనే తాత్కాలికంగా కొన్ని కొట్టించారు. ముదురు గులాబీ కాయితంమీద నల్ల అచ్చు, పోస్టాఫీసు గుమాస్తా పొడి సంతకం, అంతే సొగసు. 1873లో పన్నెండేళ్ళ కుర్రాడొకడు ఇంట్లో పాత కాయితాల్లో ఆ ఒక సెంటు బిళ్ళని చూసి, ఆరు షిల్లింగులకి అమ్ముకున్నాడు. అలాంటిది ఇంకోటి ఇంతవరకూ దొరకలేదు.

చేతులు మారి మారి అది ఆర్థర్ హైండ్ అనే అమెరికా కోటీశ్వరుడి దగ్గరకి చేరింది. 1933లో ఆయన పోయాక ఆయన సేకరణంతా వేలానికి పెట్టబోతే, భార్య కోర్టుకెళ్ళి ఈ ఒక్కదాన్నీ ఆపించి దక్కించుకుంది. 1980లో అది 9 లక్షల 35 వేల డాలర్లు పలికింది. 2014లో దాదాపు 95 లక్షల డాలర్లు. సరే, ఇంక పెరగడమే అనుకున్నారా? 2021లో మళ్ళీ వేలం వేస్తే 83 లక్షలే వచ్చాయి. ప్రపంచంలో ఒకే ఒక్కటైన బిళ్ళకి కూడా ధర తగ్గుతుంది! స్టాంపులు కొని పెట్టుకుంటే అమ్మాయి పెళ్ళికి అక్కరకొస్తాయనే శ్రీవార్లకి ఈ అంకెలు కాస్త చదివి వినిపించండి.

మన దేశానికి వద్దాం. ఆసియా ఖండంలోనే మొదటి స్టాంపులు 1852లో సింధు ప్రాంతంలో వచ్చాయి. 'సింద్ డాక్' అంటారు. అర్ధణా బిళ్ళ, మూడు రంగుల్లో వేశారు. ఎర్ర లక్కబిళ్ళ మీద ఒత్తిన రకమైతే పెళుసుగా ఉండి, అప్పడంలాగా విరిగిపోయేది. అందుకనే చెక్కుచెదరని ఎర్రది దొరకడం గగనం. 1854 అక్టోబరునుంచి దేశమంతటికీ ఒకే స్టాంపులు, ఒకే ధర వచ్చాయి. పావుతులం బరువు ఉత్తరం ఎంత దూరమైనా అర్ధణా. దూరపు ఊరికి ఇచ్చిన కూతురు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంక దూరం లెక్క చూడక్కర్లేదన్నమాట. ఆ అర్ధణా బిళ్ళ విలువ ఏ కేటలాగులోనూ రాయలేదు.

ఆ స్టాంపుల్లో నాలుగణాలదానికి రెండు రంగులు: ఎర్ర చట్రం, నీలం రాణి తల. ఒకటి అయ్యాక ఒకటి అచ్చువెయ్యాలి. కొన్ని కాయితాలు తిరగబడి, చట్రంలో రాణిగారు తలకిందులయ్యారు. అలాంటివి దొరికినవి పాతిక ముప్ఫైకి మించవు, అవీ లక్షల్లో పలుకుతాయి. మన వంటింట్లో మాడిన అట్టుని ఎవరూ ముట్టరుగాని, ప్రెస్సులో తలకిందులైన స్టాంపుని కళ్ళకద్దుకుంటారు!

హైదరాబాదు సంస్థానానికి 1869 నుంచీ సొంత స్టాంపులుండేవి. 1931లో అందమైన బొమ్మలతో ఒక వరస వేశారు. అణాకి చార్మినారు, రెండణాలకి హైకోర్టు, నాలుగణాలకి ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాలకి అజంతా గుహల ద్వారం. నిజాం హద్దు దాటితే అవి చెల్లేవి కావు. 1950తో వాటి కథ ముగిసింది. విడిగా ఆ చార్మినారు అణా బిళ్ళకి ఇవాళ పెద్ద ధరేం లేదు. కాని అదే బిళ్ళ ఒక నిండు కవరుమీద, చిన్న ఊరి తపాలా ముద్ర స్పష్టంగా పడి, చిరునామాతో సహా ఉంటే, పోగుచేసేవాళ్ళు దాన్ని చూసే చూపే వేరు.

గాంధీగారి స్టాంపులు ఇంకా బాగా చెప్తాయి ఈ సంగతి. 1948 ఆగస్టు 15న నాలుగు వేశారు: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండులో అచ్చయ్యాయి. అణాన్నర గాంధీ దేశమంతా తిరిగాడు, కనక ఇవాళా చవగ్గానే దొరుకుతాడు. అవే స్టాంపులమీద 'సర్వీస్' అని ముద్రవేసి గవర్నరు జనరల్ కార్యాలయంకోసం వందేసి చొప్పున ఇచ్చారు. ఆ పది రూపాయల సర్వీసు బిళ్ళలు నాలుగు కలిసి ఉన్న వరస 2017లో 5 లక్షల పౌన్లకి అమ్ముడుపోయింది. అంటే సుమారు నాలుగు కోట్ల రూపాయలు. కొల్లాయి కట్టిన మనిషి బొమ్మకి!

ఇంక ఫస్ట్ డే కవర్ల సంగతి. కొత్త స్టాంపు విడుదలైన రోజున, దానికోసమే బొమ్మ వేసిన కవరుమీద ఆ స్టాంపు అంటించి, ఆ తేదీతో ప్రత్యేకమైన ముద్ర కొడతారు. హైదరాబాదు ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసులాంటి చోట్ల దీనికి వేరే విభాగాలే ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటాయి. 1952లో మీరాబాయి, 1982లో మన దుర్గాబాయమ్మ, 2017లో మొల్ల, తరిగొండ వెంగమాంబ స్టాంపులకెక్కారు. ఆడపిల్లలున్న ఇంట్లో ఇలాంటివి పోగుచేస్తే చరిత్ర పాఠం చెప్పినట్టే.

కాని ధర? దాచిపెట్టడంకోసమే తయారుచేసిన వస్తువు అది. కొన్నవాళ్ళందరూ దాస్తారు. అందరి బీరువాల్లోనూ ఉన్నదాన్ని ఎవరు ఎక్కువిచ్చి కొంటారు చెప్పండి? 1840 మే 6 నాటి ముద్రపడ్డ పెన్నీ బ్లాక్ ఉత్తరానికి ఇవాళ అంత గిరాకీ ఎందుకంటే, ఆవేళ ఎవరూ ఇది మొదటిరోజు ముద్ర అని దాచలేదు కాబట్టి. అలాగే 1911 ఫిబ్రవరి 18న అలహాబాదునుంచి నైనీకి యమున మీదుగా విమానంలో సుమారు ఆరున్నర వేల ఉత్తరాలు పంపారు. ఒక విద్యార్థి హాస్టలు సహాయంకోసం చేసిన పని అది. ప్రపంచంలో ప్రభుత్వం తరఫున ఎగిరిన మొదటి విమాన తపాలా అదే. దాని ప్రత్యేక ముద్ర ఉన్న కవరు దొరికితే అదృష్టమే. అందులో స్టాంపు మామూలుదే. విలువంతా ముద్రది, ఆ ప్రయాణానిది.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. పిన్నిగారూ అని పిలుస్తాను. వారి ఆయన బ్యాంకులో పనిచేసిన ముప్ఫై ఏళ్ళూ వచ్చిన ప్రతి ఫస్ట్ డే కవరూ కొన్నారు. ఆయన పోయాక నాలుగు ఆల్బములు ముందేసుకుని వ్యాపారి ఒకాయన్ని పిలిపించారు. ఆయన గబగబా తిరగేసి, కొన్న ధరలో సగం కూడా రాని మాట ఒకటి చెప్పాడు. పిన్నిగారి మొహం చిన్నబోయింది. "డబ్బుకేముందిలే అమ్మాయ్, ఆయన అంత ప్రేమగా దాచుకున్నారే, అదీ బాధ" అన్నారు. ఆల్బముల అడుగున రబ్బరుబ్యాండు వేసిన పాత ఉత్తరాలు కొన్ని ఉన్నాయి. ఆ వ్యాపారి చెయ్యి వెంటనే అటే పోయింది. 1941లో రంగూన్‌నుంచి పిన్నిగారి మామగారు ఇంటికి రాసిన ఉత్తరమది. బర్మా స్టాంపు, యుద్ధకాలం సెన్సారువాళ్ళు విప్పి చూసి అంటించిన చీటీ, చిరునామాలో తూర్పుగోదావరి పల్లెటూరు. "ఇది ఇస్తారాండీ?" అన్నాడు. పిన్నిగారు ఆ కవరు తీసుకుని, లోపలి కాయితం బయటికి లాగి చదవడం మొదలుపెట్టారు. "పిల్లలకి చలిగుడ్డలు కొన్నాను, ఎవరైనా వచ్చేవాళ్ళుంటే పంపుతాను" అని ఉంది అందులో. దాన్ని మాత్రం అమ్మలేదు. నా కోడలికి కూడా ఈ ఉత్తరం సంగతి తెలియదమ్మా అన్నారు, అంతే.

ఇంకో మాట. ఎవరైనా మీ ఇంటి స్టాంపులు చూసి "కేటలాగులో ఇంత ధర ఉంది" అంటే సంబరపడిపోకండి. కేటలాగు ధర దుకాణంవాడు అమ్మే ధర, మనకి కొనే ధర కాదు. అదీ మచ్చలేకుండా, అంచుల పళ్ళు ఊడకుండా ఉన్నవాటికే. పైగా దొంగ బిళ్ళలూ తక్కువేం లేవు. ఫ్రాన్సులో జాన్ ద స్పెరాటీ అనే మహానుభావుడు ఎంత బాగా చేసేవాడంటే, 1942లో ఆయన పోస్టులో పంపిన బిళ్ళల్ని కస్టమ్సువాళ్ళు పట్టుకుని, ఇంత విలువైన అసలు స్టాంపులు చెప్పకుండా దేశం దాటిస్తావా అని కేసు పెట్టారు. పాపం, "అవి దొంగవండీ, నేనే చేశాను" అని ఆయనే రుజువు చేసుకోవలసి వచ్చింది!

కాబట్టి ఖరీదైనది అనిపిస్తే పేరున్న సంస్థ ద్వారా పరీక్ష చేయించుకోకుండా కొనడమూ వద్దు, అమ్మడమూ వద్దు. అన్నిటికంటే ముఖ్యం, పాత కవరుమీంచి స్టాంపు కత్తిరించకండి. నీళ్ళలో నానబెట్టి ఊడదీసి పిల్లాడి ఆల్బములో అంటించకండి. బిళ్ళ ఊరికే బిళ్ళ. కవరుమీద ఉంటే అది ఎక్కడ బయలుదేరింది, ఏ రోజున, ఎవరి పేరున, ఎక్కడికి చేరిందనే కథంతా చెప్తుంది. మార్కెట్టువాళ్ళు కూడా ఎక్కువ డబ్బిచ్చేది ఆ కథకే. జిగురు పెట్టకుండా, లామినేషన్ చేయించకుండా, చెమ్మ తగలని చోట ఊరికే ఉంచండి, చాలు.

టెలిగ్రాము 2013 జులైలో ఆగిపోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఉత్తరం రాసి, నాలికతో తడిపి స్టాంపు అంటించిన చేతులు మన తరంతో ఆఖరు కాబోలు. ఇంక ముందు కొత్తగా పుట్టబోయే పాత ఉత్తరాలు ఉండవు. ఉన్నవే మిగలాలి.

ఈసారి సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఆ ట్రంకుపెట్టె కిందికి దింపండి. ఉత్తరాల కట్ట కనిపిస్తే బయటి గుట్టలో వెయ్యకుండా కాసేపు కూర్చుని చదవండి. మీ అమ్మాయికి తెలుగు చేతిరాత చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి. స్టాంపు ఎంత చేస్తుందో ఆ తరవాత కనుక్కోవచ్చు.